గుడికి బేరం లేదు

హుమాయూన్ తన నలభై రెండేళ్ల బతుకులో అన్నకు చెప్పకుండా చేసిన పని ఒక్కటే. అది 1974 మే నెలలో, ఒక మంగళవారం మధ్యాహ్నం, విజయవాడ వన్ టౌన్‌లో జక్కయ్య టైపు ఇన్‌స్టిట్యూట్‌లో జరిగింది.

హుమాయూన్, అతని అన్న ఖాలిక్ కంకిపాడు నాదస్వరం జంట. ఖాలిక్ ముందు వాయిస్తాడు, హుమాయూన్ తోడు వాయిస్తాడు. రాగం ఎత్తుకునేది అన్న. ఆయన ఊపిరి తీసుకునే చోట స్వరం తెగకుండా పట్టుకునేది తమ్ముడు. ఇరవై ఆరేళ్లుగా వాళ్ల పద్ధతి అది. అంతకు ముందు వాళ్ల నాయన మదార్ సాహెబు ముందు వాయించేవాడు, ఖాలిక్ తోడు ఉండేవాడు. మూడు తరాలుగా ఆ ఇంటి మగవాళ్లు తెల్లవారి నమాజు చేసుకుని, గుడికి వెళ్లి స్వామి మేలుకొలుపుకు వాయించి, ఇంటికొచ్చి చద్దన్నం తింటున్నారు. ఊళ్లో ఎవరికీ అందులో వింత కనిపించలేదు.

ఆ ఏడు ఫిబ్రవరిలో సిలోను నుంచి ఒక పెద్దమనిషి వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. జాఫ్నా దగ్గర ఒక సుబ్రహ్మణ్యస్వామి గుడికి ఆయన ధర్మకర్త. తిరుపతి మొక్కు తీర్చుకుని అటునుంచి కంకిపాడు వచ్చాడు. చిన్నప్పుడు తమ గుడి ఉత్సవంలో మదార్ సాహెబు వాయించగా విన్నాననీ, జులై నెలాఖరున పది రోజుల ఉత్సవానికి ఆయన కొడుకులిద్దరూ రావాలనీ అడిగాడు. డోలు వాయించేవాళ్లకు తమ దగ్గర కొదవ లేదన్నాడు. ఆకులు, వక్కలు, కొబ్బరికాయ, నూట పదహార్లు పళ్లెంలో పెట్టి ఇచ్చాడు. ఖాలిక్ రెండు చేతులా అందుకున్నాడు. మేళగాళ్లలో తాంబూలం అందుకుంటే మాట ఇచ్చినట్టే. ఆ తరవాత ఒంట్లో జ్వరమొచ్చినా, ఇంట్లో చావొచ్చినా వెళ్లి తీరాలి.

మదార్ సాహెబు రోజుల్లో సిలోను వెళ్లడానికి టిక్కెట్టూ, టీకాలు వేయించుకున్న చీటీ ఉంటే సరిపోయేది. ఇప్పుడు పాస్‌పోర్టు కావాలి. దాని మీద వీసా ముద్ర పడాలి. దానికన్నా ముందు, బయటి కళాకారుణ్ణి పిలిపించుకోవడానికి గుడివాళ్లు అక్కడి ప్రభుత్వం దగ్గర అనుమతి తెచ్చుకోవాలి. తమ దేశపు మేళగాళ్ల నోటి దగ్గర కూడు బయటివాళ్లు తన్నుకుపోకూడదని ఆ ఏర్పాటు. ఎవరు వస్తున్నారు, ఎన్నాళ్లుంటారు, ఎంత ఇస్తారు, అన్నీ కాగితం మీద పెట్టాలి. ధర్మకర్త రెండు నెలలు తిరిగి ఇద్దరికి అనుమతి సంపాదించాడు.

ఇక్కడ పోలీసు విచారణకు కానిస్టేబులు బాలశౌరి వచ్చాడు. అరుగు మీద కూర్చుని సంచీలోంచి కాగితం తీశాడు.

“పాకిస్తాన్లో చుట్టాలెవరన్నా ఉన్నారా ఖాలిక్ గారూ?”

“గన్నవరం దాటి మాకు చుట్టాల్లేరు బాలశౌరీ.”

“రాయాలి కాబట్టి అడిగానండి. ఏమనుకోకండి. మా చెల్లెలి పెళ్లికి మీరే కదా వాయించింది.”

“వాయించాం. ఫాదరు గారు ప్రసంగం చేస్తుంటే మీ బావ నిద్రపోయాడు. అది కూడా రాసుకో.”

బాలశౌరి నవ్వి, అది తప్ప మిగతావి రాసుకుని వెళ్లాడు. మే మొదటి వారంలో పాస్‌పోర్టులు పోస్టులో వచ్చాయి. ఇక వీసా మిగిలింది. దాని ఫారాలు నింపించడానికి హుమాయూన్ ఒక్కడే బస్సెక్కి విజయవాడ వెళ్లాడు.

వన్ టౌన్‌లో జక్కయ్య దగ్గరికి దేశం దాటే రకాలన్నీ వస్తాయి. సింగపూరు వెళ్లే వర్తకులు, కువైటు వెళ్లే తాపీమేస్త్రీలు, రోముకు వెళ్లే సిస్టర్లు. ఆయన తెలుగులో అడుగుతాడు, జవాబును ఇంగ్లీషులో టైపు కొడతాడు. కింద వీధిలో తోపుడుబళ్ల వాళ్ల కేకలు గదిలోకి వినిపిస్తుంటే ప్రతి ప్రశ్నా రెండుసార్లు అడగడం ఆయనకు అలవాటు.

“ప్రయాణం దేనికి?”

“ఉత్సవానికండి.”

“చూడ్డానికా, వాయించడానికా?”

“వాయించడానికండి.”

“డబ్బిస్తారా?”

హుమాయూన్ కిటికీలోంచి వీధిలోకి చూశాడు. జక్కయ్య మళ్లీ అడిగాడు. తరవాత తనే గుడివాళ్ల ఇంగ్లీషు ఉత్తరం తీసి చదివాడు.

“ఇదుగో, వాళ్లే రాశారుగా. ఇద్దరికీ కలిపి పదిహేను వందలు, వసతి, భోజనం. ఇది వేస్తున్నా.”

“అది వెయ్యకపోతే ఏమవుద్దండి?”

“వెయ్యకపోతే మీరు ఉత్సవం చూడ్డానికి పోయేవాళ్లవుతారు. చేతిలో సన్నాయి చూసి రేవులోనే వెనక్కి పంపుతారు. వాళ్ల ఉత్తరంలో ఒకటీ, మీ ఫారంలో ఇంకోటీ ఉంటే అసలు మద్రాసు దాటరు.”

“గుడి దగ్గర మేం ఎప్పుడూ ఇంత అని మాట్లాడలేదండి. వాళ్లిచ్చిందే సంభావన. అన్నకి ఇది పడదు.”

“మీరు మాట్లాడలేదుగా. వాళ్లు రాశారు.”

“అన్నకి చెప్పకండి జక్కయ్య గారూ.”

“నాకెందుకయ్యా చెప్పడం. చెప్పాల్సింది నువ్వు.”

ఆ సాయంత్రం ఖాలిక్ ఫారం మీద తెలుగులో సంతకం చేశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. తమ్ముడు వేలు పెట్టి చూపించిన చోట చేశాడు.

“ఏం రాశారు ఇందులో?” అని అడిగాడు.

“మన పేర్లూ, ఊరూ, ఎన్నాళ్లుంటామో అదీ అన్నా,” అన్నాడు హుమాయూన్.

జూన్ పదో తేదీన ఇద్దరూ మద్రాసులో సిలోను వీసా ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ముందు ఖాలిక్‌ను పిలిచారు. తలుపు సగం తెరిచే ఉంది. అధికారి ఇంగ్లీషులో అడుగుతున్నాడు. పక్కన నిలబడ్డ గుమాస్తా నెల్లూరువాడు, దాన్ని తెలుగు చేస్తున్నాడు. బయట కూర్చున్న హుమాయూన్‌కు ప్రతి మాటా వినిపించింది.

“మీరు వెళ్లేది పనికా అని అడుగుతున్నారు.”

“పని కాదండి. స్వామి సేవ.”

“డబ్బు ఇస్తారా?”

“ఇవ్వరండి.”

కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు.

“మళ్లీ అడుగుతున్నారు. బాగా ఆలోచించి చెప్పండి. ఎంత ఇస్తామన్నారు?”

“గుడి దగ్గర డబ్బు మాట్లాడమండి మేము. మా తాత మాట్లాడలేదు, మా నాయన మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.”

గుమాస్తా దాన్ని ‘నో మనీ’ అని రెండే ముక్కల్లో ఇంగ్లీషు చేశాడు. ఆ రెండు ముక్కలూ హుమాయూన్‌కు అర్థమయ్యాయి. లేచి నిలబడ్డాడు. గుమ్మం దగ్గర బంట్రోతు కూర్చోమని చెయ్యి ఊపాడు. హుమాయూన్ కూర్చున్నాడు. లోపలికి వెళ్లి, సార్, మా అన్నకు ఫారంలో ఏముందో తెలియదు, అని చెప్పడానికి అప్పటికి ఇంకా వ్యవధి ఉంది. ఆ తరవాత చాలా రోజులు అతను ఆ వ్యవధిని లెక్క వేసుకున్నాడు. అన్న బయటికి రావడానికి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది.

తన వంతు వచ్చినప్పుడు అతన్నీ అదే అడిగారు. పదిహేను వందలు, ఇద్దరికీ, అని చెప్పాడు. ఫారంలో అదే ఉంది, గుడి ఉత్తరంలోనూ అదే ఉంది.

నాలుగు గంటలకు గుమాస్తా రెండు పాస్‌పోర్టులూ తెచ్చి ఇచ్చాడు. హుమాయూన్ దాంట్లో ముద్ర ఉంది. ఖాలిక్ దాంట్లో ముద్ర లేదు, చీటీ ఉంది. ఖాలిక్ మంచినీళ్ల కోసం కుండ దగ్గరికి వెళ్లిన మీదట గుమాస్తా హుమాయూన్‌ను పక్కకు పిలిచాడు.

“మీ అన్నగారు డబ్బుకి వెళ్తా డబ్బు లేదన్నారు. అబద్ధం చెప్పారని రాసుకున్నాడు ఆయన. అలా ఎందుకన్నారండి పెద్దాయన?”

“ఆయనకి తెలీదండి. ఫారం నేను పెట్టించా. నేను వచ్చి చెప్తే?”

“చెప్తే మీ ఫారం కూడా అనుమానంలో పడుద్ది. ఉన్న ఒక్కటీ పోతది. ఒకటే దారి. నేను డబ్బు తీసుకునే పనికే వెళ్తున్నా, ఆరోజు చెప్పింది తప్పు అని ఆయన చేత రాయించి సంతకం పెట్టించుకురండి. పదిహేను రోజులు గడువుంది.”

“ఇక్కడ మళ్లీ అడుగుతారా?”

“అడగరు. కాగితం చూసి ముద్ర వేస్తారు. అయినా ఒక మాట అన్నాడు మా ఆఫీసరు. అక్కడ నాదస్వరం వాయించేవాళ్లు లేరా, ఇక్కణ్ణించి ఇద్దరెందుకని. వాళ్ల ఊరివాణ్ణి ఒకణ్ణి తోడు పెట్టుకోమన్నాడు.”

మర్నాడు పొద్దున బండెక్కారు. గూడూరు దాటాక హుమాయూన్ చెప్పాడు. జక్కయ్య అడిగింది, తను దాచింది, వరండాలో విన్నది, లేచి మళ్లీ కూర్చున్నది, అన్నీ వరసగా చెప్పాడు. ఖాలిక్ కిటికీలోంచి చూస్తూ విన్నాడు. నెల్లూరు వచ్చింది, కావలి వచ్చింది. ఒంగోలులో బండి ఆగినప్పుడు ఆయన రెండు టీలు తీసుకుని ఒకటి తమ్ముడి చేతికిచ్చాడు.

“అయితే వాళ్ల పుస్తకంలో నేను అబద్ధాలకోరునన్నమాట,” అన్నాడు.

“ఒక్క సంతకంతో పోతదన్నా.”

ఖాలిక్ టీ తాగాడు. విజయవాడలో దిగి ఇద్దరూ నేరుగా వన్ టౌన్‌కు వెళ్లారు.

జక్కయ్య ఆ కాగితాన్ని టైపు కొట్టి, ఖాలిక్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తెలుగులో చదివి వినిపించాడు. నేను స్వామి సేవకు వెళ్తున్నానని చెప్పింది నిజం కాదు, ప్రతిఫలం కోసం వెళ్తున్నాను, ముందు చెప్పినదానికి విచారిస్తున్నాను. మూడే వాక్యాలు.

“మొదటి రెండూ తీసేసి చివరిది ఉంచొచ్చా?” అన్నాడు ఖాలిక్.

“మొదటి రెండూ లేకపోతే చివరిది దేనికండి? వాళ్లకి కావాల్సినవి అవే.”

“అవి ఉంటే నేను సంతకం పెట్టను జక్కయ్యా.”

“ఖాలిక్ గారూ, నేనొక మాటంటా, కోప్పడొద్దు. పెళ్లిళ్లకి మీరు బేరమాడరా? మొన్న ఉయ్యూరులో కమ్మవారి పెళ్లికి గంటసేపు ఆడారని మావాళ్లే చెప్పారు.”

“పెళ్లికి ఆడతాం. ఇంకా ఎక్కువ ఆడాల్సింది. గుడికి ఆడం.”

“దేవుడికి తెలుసుగా మీ సంగతి. ఇది ఆఫీసువాడికి.”

“దేవుడు సంతకం అడగలేదయ్యా. వీడు అడుగుతున్నాడు. అందుకే ఆలోచించాలి.”

జక్కయ్య కాగితాన్ని మడిచి హుమాయూన్‌కిచ్చాడు. ఇంటికి తీసుకెళ్లు, మెత్తబడతాడేమో చూడు, అని గుమ్మం దాకా వచ్చి చెప్పాడు.

కాగితం పది రోజులు గూట్లో ఉంది. హుమాయూన్ రోజూ దాని వంక చూశాడు. అన్నకు యాభై నాలుగు. కిందటేడు నుంచి ఎత్తు స్వరాల దగ్గర ఆయన ఊపిరి పొట్టిదవుతోంది. అది వినేవాళ్లకు తెలియదు, పక్కన ఉండి పట్టుకునేవాడికి తెలుస్తుంది. నాయన వాయించిన గుడిలో అన్న వాయించాలంటే ఈ ఏడే వాయించాలి. ఆ వీలు తన నోటి మూలంగా పోయింది.

“మీరు ముందే చెప్పి ఉంటే బావగారు ఆరోజే మానుకునేవారు,” అంది అతని భార్య షాహీదా. “అందుకేగా మీరు చెప్పంది.”

“అవును.”

“మరి ఇంకేం. ఆయన్ని తీసుకెళ్లాలనే దాచారు. తీసుకెళ్లలేకపోయారు. అదేదో ఆయనతోనే అనండి. గూట్లో కాగితంతో అంటే ఏం లాభం.”

గడువుకు రెండు రోజుల ముందు హుమాయూన్ అన్న దగ్గరికి వెళ్లాడు. ఖాలిక్ అరుగు మీద నాదస్వరం పీకలు ముందేసుకుని ఒక్కొక్కదాన్నీ నోట పెట్టి చూస్తున్నాడు.

“కాగితం కోసమే కదన్నా. నీ మనసులో సేవే ఉంటది. ఎవరు కాదన్నారు?”

“కూర్చో,” అన్నాడు ఖాలిక్. “మనం ఎవరం?”

“అదేం ప్రశ్నన్నా.”

“చెప్పు. షేక్ మదార్ కొడుకులం. ధ్వజస్తంభం దగ్గర నిలబడి వాయిస్తాం. ఇన్నేళ్లలో ఒక్కడన్నా వచ్చి, మీరిక్కడెందుకున్నారు అని అడిగాడా? అడగలేదు. ఎందుకని? మనం కూలికి రాలేదు. ఇంత ఇస్తే వస్తా అన్ననాడు నేను అక్కడ కూలివాణ్ణి. కూలివాడు నచ్చకపోతే ఇంకోణ్ణి పెట్టుకుంటారు. నాయన ఈ సంగతి నాకు చెప్పలేదు. నాయన్ని చూసి తెలుసుకున్నా. నీకు నేనూ చెప్పలేదు. నీకు తెలుసనుకున్నా.”

“నాకు తెలుసన్నా. తెలిసే దాచా.”

ఖాలిక్ చేతిలో పీకను కింద పెట్టాడు.

“ఆ దేశంవాడు అడిగిందీ తప్పు కాదురా. వాడి మేళగాడి కూడు వాడు చూసుకుంటున్నాడు. వాడి లెక్క వాడిది. ఆ లెక్కలో పట్టడానికి నేను నా నోటితో నన్ను కూలివాణ్ణని రాసుకోలేను. అంతే.”

“అయితే నేనూ వెళ్లను.”

“తాంబూలం పుచ్చుకున్నాం.”

“నువ్వు పుచ్చుకున్నావు.”

“జంటకి ఇచ్చారు. ఒకడన్నా పోకపోతే పది రోజులు ఆ స్వామి వాకిట్లో మన చోటు ఖాళీగా ఉంటది. నాయన పేరు చెప్పుకుని పిలిచారు. నువ్వు ముందు వాయించు. తోడుకి అక్కడివాణ్ణి పెట్టమని ఉత్తరం రాద్దాం. వాడి కూడూ నిలబడుద్ది.”

“నాకు ముందు వాయించడం రాదన్నా.”

“రాదు,” అన్నాడు ఖాలిక్. “నెల రోజులుంది.”

గూట్లోని కాగితాన్ని షాహీదా పొయ్యిలో పెట్టింది.

కాలవలు వదిలారు. బందరు కాలవ గట్టున తెల్లవారుజామున అన్నదమ్ములు సాధన చేసే చోటు ఒకటి ఉంది. నీటి చప్పుడు మీద స్వరం నిలబడితే ఎక్కడైనా నిలబడుతుందని వాళ్ల నాయన చూపించిన చోటు. ఎప్పుడూ కుడివైపు ఖాలిక్, ఎడమవైపు హుమాయూన్. ఆ పొద్దున ఖాలిక్ వెళ్లి ఎడమవైపు కూర్చున్నాడు.

“అది నా చోటన్నా.”

“ఈ నెల నాది. కూర్చో. తోడి రాగం ఎత్తుకో.”

హుమాయూన్ ఎత్తుకున్నాడు. రెండు సంగతులు వాయించి ఆగాడు. శ్రుతిపెట్టె మోగుతోంది, కాలవ పారుతోంది. ఇంకేమీ రాలేదు.

“ఆగావేం?”

“నువ్వు అందుకుంటావని.”

“నేను నీ తోడుని. నువ్వు పోతే నీ వెనకాల వస్తా. నువ్వే పోకపోతే నేనెక్కడికి పోను?”

మొదటి వారం రాగం ఒక్కరోజు కూడా చివరిదాకా నడవలేదు. హుమాయూన్‌కు స్వరాలన్నీ తెలుసు. ఏ స్వరం తరవాత ఎటు తిరగాలో చెప్పేవాడు లేకపోతే ఎటు తిరగాలో తెలియలేదు. ఇరవై ఆరేళ్లు అతను అన్న ఊపిరి విని తన ఊపిరి తీసుకున్నాడు. ఇప్పుడు తన ఊపిరి తనే చూసుకోవాలి. ఖాలిక్ తిట్టలేదు. ఎక్కడ ఆగితే అక్కడ నాదస్వరం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నాట్లకు పోయే ఆడవాళ్లు గట్టు మీద నడిచి వెళ్తూ, “ఇవాళ సగంలోనే ఆపేశారేంటి సాయిబు గారూ?” అని అడిగేవాళ్లు. “మావాడు దారి వెతుక్కుంటున్నాడమ్మా,” అనేవాడు ఖాలిక్.

మూడో వారానికి దారి దొరకసాగింది. ధర్మకర్త నుంచి జవాబు వచ్చింది. పెద్దవారు రాలేకపోతున్నందుకు గుడిలో అందరూ బాధపడ్డారనీ, తోడుకు తమ ఊరి విద్వాంసుణ్ణి మాట్లాడామనీ రాశాడు. ఖాలిక్ ఆ ఉత్తరం చదివించుకుని విని, ఆ విద్వాంసుడి వయసెంతో రాయలేదే అన్నాడు.

ప్రయాణం ఇంకా నాలుగు రోజులుందనగా ఒక పొద్దున హుమాయూన్ తోడిని పై షడ్జమం దాకా తీసుకెళ్లాడు. అక్కడ నిలబెట్టాడు. ఆ చోట అన్న ఎప్పుడూ పక్కకు తిరిగి దిగుతాడు. హుమాయూన్ దిగలేదు, ఇంకా నిలబెట్టాలనుకున్నాడు. పక్కన ఖాలిక్ వేళ్లు అలవాటు కొద్దీ ముందే దిగిపోయాయి. రెండు నాదస్వరాలూ చెరో దారిన పోయి కొట్టుకున్నాయి. వాళ్లు జంటగా వాయించడం మొదలుపెట్టాక అలా జరగడం అదే మొదటిసారి.

ఖాలిక్ నాదస్వరం నోటినుంచి తీశాడు. పంచె చెంగుతో మూతి తుడుచుకున్నాడు. కాసేపు ఊపిరి కోసం ఆగాడు.

“నాయన పక్కన తోడున్న రోజులు మరిచేపోయా. తోడు వాయించడం ఇంత కష్టమని నాకెప్పుడూ చెప్పలేదేరా,” అన్నాడు.

“నువ్వు అడగలేదన్నా.”

ఖాలిక్ తల ఊపాడు. పీక సరిచేసుకున్నాడు.

“అక్కడివాడు కూడా ఇట్టాగే తప్పుతాడు. వాడి వంక చూడబాకు. చూస్తే వాడు బెదురుతాడు. నీ దారిన నువ్వు పో, వాడొచ్చి కలుస్తాడు. మళ్లీ ఎత్తుకో, కింద నుంచి.”

హుమాయూన్ కింద నుంచి ఎత్తుకున్నాడు. పై షడ్జమం దగ్గర తనకు ఎంతసేపు నిలబెట్టాలనిపిస్తే అంతసేపు నిలబెట్టాడు. పక్కకు చూడలేదు.